దగ్గు మందు సీసా మీద తెలుగేదీ?

తెలుగులో "మందు" అన్న మాట మోసినంత బరువు మరే మాటా మోయదేమో. రోగం కుదిర్చేదీ మందే, పైరు మీద పిచికారీ చేసేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే, సాయంకాలం సీసాలో దొరికేదీ మందే. వరిచేలూ చేపల చెరువులూ నిండిన మా ఏలూరు ప్రాంతంలో "మందు తెచ్చావా?" అని ఒకరినొకరు అడిగితే, అది ఏ మందో సందర్భాన్ని బట్టి గ్రహించవలసిందే. మేలు చేసేదానికీ ప్రాణం తీసేదానికీ ఒకే పేరు పెట్టిన మన పూర్వులు అజ్ఞానులని నేననుకోను. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా కొలతలో ఉన్నదని వారికి తెలుసు. అందుకే మింగే బిళ్ళకు "మాత్ర" అని పేరొచ్చింది. మాత్ర అంటే కొలత. ఛందస్సు చెప్పేటప్పుడు లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి గనుక ఈ మాట మీద నాకు కొంత మమకారం.

మనం మాటను నిలుపుకొని కొలతను పోగొట్టుకున్నాము. చీటీ లేకుండా దుకాణంలో అడిగి తెచ్చుకునే దగ్గు మందుల విషయంలో ఇది మరీ స్పష్టం. ఆ మందులను జాగ్రత్తగా వాడండని చెప్పేవారు చాలామంది ఉన్నారు. సీసా మీద ఉన్నది చదవగలిగితేనే గదా జాగ్రత్తపడేది! ఆ సీసా మీద తెలుగు లేదు. ఈ టపాలో నేను చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

ఏలూరులో మందుల దుకాణం ముందు అయిదు నిమిషాలు నిలబడితే చాలు, ఈ సంగతి బోధపడుతుంది. కొల్లేటి లంక నుంచి వచ్చిన ఒక మామ్మగారు మొన్న శీతకాలంలో నా ముందు నిలబడి ఉన్నారు.

"బాబూ, దగ్గు మందియ్యి."

"ఎవరికి మామ్మగారూ?"

"మనవడికి బాబూ. నాకూ వస్తంది. ఇద్దరికీ సరిపోయేట్టు పెద్ద సీసా ఇయ్యి."

కుర్రవాడు పెద్ద సీసా ఇచ్చాడు. పొడిదగ్గా, కఫమా, మనవడికెన్నేళ్ళు, మామ్మగారికి రక్తపోటు ఉన్నదా అని అడగలేదు. వెనుక పదిమంది తొందరపడుతున్నారు. ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టబోవటం లేదు. అతడు అడగలేదు సరే, ఆవిడ సీసా చదువుకుందామన్నా చదువుకునే వీలు లేకపోయింది. ఆమెకు తెలుగు చదవటం వచ్చునని చేతిలోని భక్తి పుస్తకం చెబుతూనే ఉన్నది.

ఇంతకూ దగ్గు మందు అన్న ఏకవచనమే పొరపాటు. తాడేపల్లిగూడెం ఉల్లి బజారులో బస్తాలు మోసేవారి దగ్గు, ధాన్యపు మిల్లుల్లో ఊకధూళి పీల్చేవారి దగ్గు, మార్గశిరపు మంచులో చేపల చెరువు గట్టు మీద రాత్రంతా కాపలా ఉండేవారి దగ్గు, జలుబు చేసిన పసివాడి దగ్గు ఒకటి కావు. దుకాణంలో దొరికే మందుల్లో కూడా ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి దగ్గును అణచేది. డెక్స్ట్రోమెథార్ఫాన్ ఈ జాతికి చెందినది. మెదడులో దగ్గును పుట్టించే చోటును నెమ్మదింపజేస్తుంది. రెండవది కఫాన్ని పలుచన చేసి పైకి తెప్పించేది. ఆంబ్రోక్సాల్, బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్ ఈ రెండో జాతివి. ఛాతీనిండా కఫం పట్టినవాడికి మొదటి జాతి మందు పోస్తే, బయటకు రావలసిన కఫాన్ని లోపలే నిలవ చేసినట్లవుతుంది. దగ్గు ఆగిందని ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. ఆ కఫం మాత్రం ఛాతీలోనే ఉంటుంది.

ఈ రెండు జాతుల మందులూ తరచు ఒకే పేరుతో, ఒకే రంగు అట్టపెట్టెలో వస్తాయి. పేరు చివర ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మారుతాయి. డి ఉంటే సామాన్యంగా డెక్స్ట్రోమెథార్ఫాన్ ఉన్నదన్నమాట. ఎల్.ఎస్. అని ఉంటే లెవోసాల్బుటమాల్. అది శ్వాసనాళాలను వెడల్పు చేస్తుంది, గుండెదడా చేతివణుకూ తెప్పించగలదు. వ్యాకరణం చదివినవారికి దీన్ని చెప్పటం సులువు. ప్రకృతి ఒకటే అయినా ప్రత్యయం మారితే అర్థం మారుతుంది. "రాముని చేత", "రాముని కొరకు" అన్నవి ఒకటే అనుకునే విద్యార్థి మనకుండడు. మందుల పేర్లలో ప్రత్యయాన్ని వదిలేసి ప్రకృతిని మాత్రమే అడిగి తెచ్చుకుంటున్నాము. పోయినసారి తెచ్చుకున్నదే కావాలంటే పాత సీసానో, పేరు పూర్తిగా రాసిన కాగితమో వెంట తీసుకువెళ్ళడం మేలు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మన పెరటి కంచెల్లో పెరిగే అడ్డసరం చెట్టును ఆయుర్వేదం "వాస" అన్నది. దాని ఆకురసం దగ్గుకు వాడటం మన ఇళ్ళలో పాతమాటే. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని నమూనాగా తీసుకొని రసాయన శాస్త్రజ్ఞులు రూపొందించినదే బ్రోమ్‌హెక్సిన్. ఆ బ్రోమ్‌హెక్సిన్ శరీరంలో మారగా ఏర్పడేది ఆంబ్రోక్సాల్. మన కంచెలోని చెట్టు దేశాలు తిరిగి, సీసాలో దూరి, మనం చదవలేని లిపిలో పేరు రాయించుకొని మళ్ళీ మన ఇంటికే వచ్చింది!

దగ్గు మందులో దగ్గు మందు ఒక్కటే ఉండదు. జలుబుకని క్లోర్‌ఫెనిరమైన్ కలుపుతారు. అది మగత తెస్తుంది. జాతీయ రహదారి మీద రాత్రిపూట లారీ నడిపేవారికీ, ఒంటరిగా పడవ మీద వెళ్ళేవారికీ ఆ మగత ప్రాణాంతకం కావచ్చు. మద్యం కూడా తోడైతే చెప్పనక్కరలేదు. ప్రొస్టేటు ఇబ్బంది ఉన్న నా ఈడువారికి అదే మందు మూత్రం బిగపట్టేలా చేయవచ్చు. ముక్కు దిబ్బడకని ఫినైలెఫ్రిన్ కలుపుతారు. రక్తపోటు ఉన్నవారు దాన్ని అడగకుండా తీసుకోరాదు. పైగా నోటి ద్వారా పుచ్చుకున్న ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడ మీద పనిచేయదని అమెరికా ఔషధ సంస్థ నిపుణుల సంఘం 2023లో తేల్చింది. దాన్ని అక్కడి జాబితా నుంచి తొలగించాలని ఆ సంస్థ 2024లో ప్రతిపాదించింది. కొన్నింటిలో పారాసెటమాల్ కూడా ఉంటుంది. జ్వరానికి వేరే పారాసెటమాల్ బిళ్ళ వేసుకుంటూ, ఈ సీసాలోదీ తాగితే మోతాదు రెట్టింపవుతుంది. పెద్దవారికి రోజుకు నాలుగు గ్రాములన్నది గరిష్ఠ పరిమితి. కాలేయం బలహీనంగా ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి అంతకంటె తక్కువే. దిగులుకూ నిద్రకూ మందులు వాడుతున్నవారు డెక్స్ట్రోమెథార్ఫాన్ జోలికి పోయేముందు తమ వైద్యుణ్ణి అడగాలి. మధుమేహం ఉన్నవారు పాకంలోని పంచదారను లెక్కలోకి తీసుకోవాలి. ఇవన్నీ సీసా మీద చిన్న అక్షరాల్లో చాలావరకు రాసే ఉంటాయి. ఎవరికోసం రాసినట్టు?

కొలత సంగతి కూడా అంతే. "ఒక చెంచా" అంటే ఏ చెంచా? టీ స్పూను అయిదు మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను పదిహేను. మన వంటింటి చెంచాలు ఈ రెంటికీ కట్టుబడి ఉండవు. సీసాతో పాటు వచ్చే గీతల మూతనే వాడాలి. ఆ మూత పారవేయరాదు. పసిపిల్లల చుక్కల మందుకూ పాకానికీ తేడా మరీ ముఖ్యం. సామాన్యంగా దొరికే పారాసెటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, పాకంలో అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుంటాయి. అంటే చుక్కల మందు నాలుగింతల చిక్కన. పాకం పోసే కొలతతో చుక్కల మందు పోస్తే ఏమవుతుందో గుణించి చూడండి.

ఇక పసిపిల్లల విషయం. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఇరవై మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు చెడి మరణించారు. వారు తాగినది కోల్డ్రిఫ్ అనే జలుబు, దగ్గు పాకం. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో శ్రేసన్ సంస్థ తయారుచేసినది. ఎస్.ఆర్.-13 అనే బ్యాచిని పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నదని తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ తేల్చింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. అక్టోబరు మొదటివారంలో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ బ్యాచి వాడవద్దని ప్రజలను హెచ్చరించింది. పాకం పలుచగా, తియ్యగా ఉండటానికి వాడే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి శుద్ధ ద్రావకాల స్థానంలో పరిశ్రమల్లో వాడే ఈ చౌక ద్రావకం చేరటమే కారణం. అదీ తియ్యగానే ఉంటుంది. నాలుకకు తేడా తెలియదు.

ఈ విషం కొత్తదేమీ కాదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ పాకంలో ఇదే ద్రావకం వాడితే నూరుమందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడే అక్కడ ఔషధ చట్టం కఠినమైంది. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో కల్తీ గ్లిజరిన్ వల్ల 14 మంది పోయారు. 2022లో గాంబియా దేశంలో సుమారు 70 మంది పిల్లల మరణాలకు మన దేశంలో తయారైన పాకాలతో సంబంధముండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. తొంభయ్యేళ్ళుగా తెలిసిన విషం ఇంకా పిల్లల గొంతులో పడుతున్నదంటే అది పరీక్షించవలసినవారి వైఫల్యం. చదువరి ఎంత జాగ్రత్తపడినా దాన్ని సీసా మీద చదివి తెలుసుకోలేడు. ఇక్కడ తెలుగు చీటీ ఒక్కటే రక్షిస్తుందని నేను చెప్పటం లేదు. ఛింద్వాడా పిల్లలకు ఆ మందు అనేక సందర్భాల్లో వైద్యుడి చీటీ మీదనే ఇచ్చారు కూడా.

అయితే అదే ఉదంతంలో చదవటానికి సంబంధించిన భాగం ఒకటున్నది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదనీ, ఆ హెచ్చరిక సీసా మీద ముద్రించాలనీ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే ఆదేశించింది. కోల్డ్రిఫ్‌లో ఉన్న మందులు ఇవే, పారాసెటమాల్‌తో కలిపి. 2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేటు మరొక సూచన చేసింది: రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయరాదు, ఇవ్వరాదు, అయిదేళ్ళలోపు వారికి సామాన్యంగా అవసరమే లేదు. పిల్లల దగ్గులో అధికభాగం దానంతటదే తగ్గిపోయేదే గనుక. ఈ హెచ్చరిక మా లంకల్లోని తల్లికి ఏ భాషలో చేరింది? కల్తీ లేని మందయినా ఆ పసివాడికి అక్కరలేదన్న సంగతి ఆమె చేతిలోని సీసా మీద, ఆమె లిపిలో ఉంటే ఆ మూత తీయకపోయేదేమో.

కంటికి కనబడని విషమంటే ఏలూరువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరులో మా ఊళ్ళో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఆనవాళ్ళున్నాయని ఢిల్లీ ఎయిమ్స్ వారన్నారు. పురుగుమందుల అవశేషాల మాటా వచ్చింది. ఏ నీటిలో, ఏ కూరలో ఏమున్నదో తెలియక ఆ వారం రోజులు ఊరు ఎంత తల్లడిల్లిందో చూశాను. నీటికి చీటీ ఉండదు. మందుకు ఉంటుంది. ఉన్నదాన్నయినా పనికివచ్చేలా చేసుకోవద్దా? బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ ఉన్న సీసాను మందు వాడినన్నాళ్ళూ అట్టే పెట్టి, కొన్న రశీదు దాచుకుంటే, రేపు ఫలానా బ్యాచి వాడవద్దని పత్రికలో వచ్చినప్పుడు పోల్చుకోవచ్చు.

లంక గ్రామాల మాట వచ్చింది గనుక మరొక సంగతి. వెయ్యికి మించని జనాభా ఉన్న పల్లెల్లో దగ్గు మందుల వంటి గృహౌషధాలను లైసెన్సు లేని కొట్లలో కూడా అమ్ముకోవచ్చునని ఔషధ నియమాల్లో షెడ్యూల్ కె. అనుమతించింది. ఆ జాబితాలో "సిరప్" అన్న పదాన్ని తీసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2025 డిసెంబరు చివర ముసాయిదా వెలువరించింది. ఆ ఆలోచన సబబైనదే. పప్పూ ఉప్పూ పక్కన పాకం సీసా ఉంటే, కొనేవారికి అది కూడా సరుకే అనిపిస్తుంది.

అసలు ప్రశ్నకు వస్తాను. తెలుగులో ముద్రించటం సాధ్యమా అని కొందరంటారు. సీసా చిన్నది, దేశంలో భాషలెన్నో, కంపెనీ ఎన్ని చీటీలని వేస్తుంది? దీనికి జవాబు మా పొలాల్లోనే ఉన్నది. 1971 నాటి కీటకనాశినుల నియమాల ప్రకారం పురుగుమందు డబ్బా మీది చీటీ, లోపలి కరపత్రం హిందీ, ఇంగ్లీషులతో పాటు అమ్మే ప్రాంతపు భాషలు ఒకటి రెండింటిలో కూడా ఉండాలి. చదువు రానివారి కోసం విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల గుర్తు వేస్తారు. భీమడోలు, నిడమర్రు, కైకలూరు రైతుకు పైరు మీద కొట్టే మందు తెలుగులో వివరించవచ్చునట. అదే రైతు మనవడి గొంతులో పోసే మందు తెలుగులో వివరించటం కుదరదట! మొదటిది సాధ్యమైనప్పుడు రెండవది ఎందుకు కాదో నాకు బోధపడదు.

గీతల గళ్ళ సంకేతం ఉన్నది గదా, ఫోనుతో చూస్తే వివరాలన్నీ వస్తాయని మరికొందరంటారు. 2023 ఆగస్టు నుంచి మూడు వందల పేరొందిన మందులకు క్యూ.ఆర్. కోడు తప్పనిసరి చేశారు, నిజమే. అది ముఖ్యంగా నకిలీని పట్టుకోవటానికి. ఫోను పట్టుకొని చూసిన మామ్మగారికి కనిపించేది మళ్ళీ ఆ ఇంగ్లీషే అయితే ప్రయోజనం ఎంత?

చీటీ మారేదాకా చేయగలిగినది లేకపోలేదు. దుకాణంలో మూడు ప్రశ్నలు తెలుగులోనే అడగవచ్చు. ఇది దగ్గును అణచేదా, కఫం తెప్పించేదా? ఇందులో నిద్ర తెచ్చేదీ, రక్తపోటు పెంచేదీ, జ్వరం మందూ ఉన్నాయా? నాకున్న ఫలానా రోగానికి, నేను వేసుకునే ఫలానా మాత్రకు ఇది పొసగుతుందా? ఫార్మసిస్టు చదివినది ఈ ప్రశ్నలకు జవాబు చెప్పటానికే. జవాబు రాకపోతే పక్క దుకాణానికి వెళ్ళటం మన హక్కు.

కొన్ని దగ్గులకు దుకాణమే చోటు కాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు సీసాలు మార్చటం మాని కఫం పరీక్ష చేయించుకోవాలి. క్షయ పరీక్షా, చికిత్సా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రక్తం పడినా, ఆయాసం వచ్చినా, ఛాతీనొప్పి ఉన్నా, పసివాడు ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలెగరేస్తున్నా, మూత్రం తగ్గినా ఆ పూటే వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. రక్తపోటుకు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు వేసుకునే పెద్దలకు ఆ మాత్రల వల్లనే పొడిదగ్గు రావచ్చు. ఒక మందు తెచ్చిన దగ్గుకు మరొక మందు తాగేకంటె, రాసినవారిని అడిగి మాత్ర మార్పించుకోవటం తెలివి, సొంతంగా మానరాదు. ఇంటి వైద్యంలో తేనె మంచిదే; రాత్రి పడుకునేముందు ఒక చెంచా తేనె పిల్లల దగ్గుకు ఉపశమనమిస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించరాదు. పిల్లలకు మరిగే నీటి గిన్నె ముందు ఆవిరి పట్టించబోయి ఒళ్ళు కాల్చుకున్నవాళ్ళున్నారు. ఆ సాహసం వద్దు.

ఈ పుటలు చదివే మిత్రులకు ఒక మనవి. కంప్యూటరు తెర మీద తెలుగు రావటమే గగనమైన రోజుల్లో మనమంతా అక్షరం అక్షరం కూడబలుక్కొని రాశాము. తెర మీది ఇంగ్లీషు మాటలకు ఏ తెలుగు మాట అతుకుతుందో రోజుల తరబడి వాదించుకున్నాము. ఆ ఓపికలో కొంత ఈ సీసాకు కేటాయించలేమా? ఆ చీటీ ఎలా ఉండాలో నాకు తోచినట్లు ఒక నమూనా రాస్తున్నాను.

"ఇది పొడిదగ్గును అణచే మందు. కఫం ఉన్న దగ్గుకు వాడవద్దు. నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వవద్దు. ఇందులో నిద్ర తెచ్చే మందు ఉన్నది. తాగి బండి నడపవద్దు, మద్యం ముట్టవద్దు. రక్తపోటు, గుండెజబ్బు, ప్రొస్టేటు ఇబ్బంది ఉన్నవారు వైద్యుణ్ణి అడగండి. ఇందులో జ్వరం మందు పారాసెటమాల్ కూడా ఉన్నది. వేరే జ్వరం మాత్ర వేసుకోవద్దు. మూతతో కొలిచి పోయండి. మూడు రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళండి."

నలభై, యాభై మాటలు. నాలుగో తరగతి చదివినవారికి అర్థమవుతాయి. నా పండిత భాష ఇందులో ఎక్కడైనా అడ్డుపడితే దిద్దండి. వైద్యం తెలిసినవారు పొరపాట్లుంటే చెప్పండి. వ్యాఖ్యలలో మెరుగైన నమూనాలు వస్తే వాటిని కలిపి ఒక అర్జీగా రాసి ఔషధ నియంత్రణ శాఖకు పంపుతాను. మీరూ మీ మీ ఊళ్ళ నుంచి పంపండి. ఈలోగా ఇంట్లో ఉన్న దగ్గు మందు సీసాను ఒకసారి వెలుతురులో పెట్టి చదివి, అందులో ఏమున్నదో ఇంట్లో ఇంగ్లీషు రానివారికి తెలుగులో చెప్పండి. వీలైతే ఒక తెల్లకాగితం మీద రాసి ఆ సీసాకే అంటించండి.